పాత సర్వర్ నుంచి కొత్తదానికి మారేటప్పుడు డిలీట్ చేసిన మెయిళ్లు ఎందుకు తిరిగొస్తున్నాయి

ముందు ఒక పని చేయండి. మీరు పెట్టిన రెండు క్రాన్ జాబులనూ, అంటే వేళకి వాటంతట అవే నడిచే పనులనూ, ఇప్పుడే ఆపేయండి. మిగతాది ఆ తర్వాత చదవొచ్చు.

మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ చెబుతాను, నేను సరిగా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. భీమవరంలో రొయ్యల ఎగుమతి ఆఫీసు. 22 మెయిల్‌బాక్సులు, మొత్తం 60 జీబీ. పాతది సీప్యానెల్ (హోస్టింగ్‌ని బ్రౌజర్‌లో నడుపుకునే ప్యానెల్) ఉన్న షేర్డ్ హోస్టింగ్, కొత్తది మీరు డవ్‌కాట్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న సొంత వీపీఎస్, అంటే అద్దెకి తీసుకున్న వర్చువల్ సర్వర్. మారేదాకా రెండూ ఒకేలా ఉండాలని ఐమ్యాప్‌సింక్ అనే మెయిల్ కాపీ టూల్‌ని గంటకోసారి పాత నుంచి కొత్తకి, మధ్యలో అరగంటకి కొత్త నుంచి పాతకి నడిపారు. ఇప్పుడు డిలీట్ చేసిన మెయిళ్లు తిరిగొస్తున్నాయి. ఫోల్డర్లలోకి సర్దుకున్నవి ఇన్‌బాక్స్‌లో మళ్లీ కనిపిస్తున్నాయి. అకౌంట్స్ వాళ్లు మీ మీద కేకలేస్తున్నారు. ఎంఎక్స్, అంటే మీ డొమైన్‌కి వచ్చే మెయిల్ ఏ సర్వర్‌కి పోవాలో చెప్పే రికార్డు, ఇంకా మార్చలేదు. మార్చాక కూడా తుఫాను రోజుల్లో అక్కరకొస్తుందని పాత సర్వర్‌ని ఎప్పటికీ సింక్‌లో ఉంచాలనుకుంటున్నారు.

నేను పాలకొల్లులో ఉంటాను. ఈ చుట్టుపక్కల చిన్న ఆఫీసుల మెయిల్ సర్వర్లు చూసుకోవడమే 18 ఏళ్లుగా నా పని. మీకొచ్చిన టెన్షన్ నాకు బాగా తెలుసు. మీ మెయిళ్లు ఎక్కడికీ పోలేదు. ఎంఎక్స్ మార్చలేదు కాబట్టి ఇది పూర్తిగా సరిచేయగల పరిస్థితే.

టూల్‌లో తప్పేమీ లేదు. మీరు చేయమన్నదే చేసింది. ఒక్క మెయిల్‌ని పట్టుకుని దాని వెనకే నడిచి చూద్దాం. సోమవారం పొద్దున బయ్యర్ దగ్గర్నుంచి బీఎల్ (సరుకు ఓడకెక్కినట్టు ఇచ్చే పత్రం) డ్రాఫ్ట్ గురించి ఒక మెయిల్ పాత సర్వర్‌కి వచ్చింది. పది గంటలకి మొదటి జాబు దాన్ని కొత్త సర్వర్‌లో కాపీ చేసింది. పదింపావుకి మీ డాక్యుమెంట్స్ ఆవిడ దాన్ని చూసుకుని పాత సర్వర్‌లోనే ఇన్‌బాక్స్ నుంచి షిప్పింగ్ ఫోల్డర్‌లోకి లాగారు. పదిన్నరకి రెండో జాబు కొత్త నుంచి పాతకి బయల్దేరింది. కొత్తవైపు ఇన్‌బాక్స్‌లో ఆ మెయిల్ ఉంది, పాతవైపు ఇన్‌బాక్స్‌లో లేదు. లేనిది చేర్చడమే దాని పని కాబట్టి చేర్చింది. పదకొండింటికి మొదటి జాబు మళ్లీ వచ్చి పాతవైపు షిప్పింగ్ ఫోల్డర్‌లో ఉన్నదాన్ని కొత్తకి చేర్చింది. ఇప్పుడు రెండు సర్వర్లలోనూ అదే మెయిల్ రెండు ఫోల్డర్లలో ఉంది. ఆవిడ విసుగొచ్చి ఇన్‌బాక్స్‌లోది డిలీట్ చేస్తే, మళ్లీ పదకొండున్నరకి తిరిగొస్తుంది.

ఒక మెయిల్ ఒకవైపు ఉండి రెండోవైపు లేదంటే దానికి రెండు అర్థాలుంటాయి. ఇంకా అక్కడికి చేరలేదు అని ఒకటి. చేరింది కానీ మనిషి తీసేశాడు అని ఇంకొకటి. ఇప్పుడున్న రెండు మెయిల్‌బాక్సులనూ ఎంతసేపు పక్కపక్కన పెట్టి చూసినా ఈ రెండిట్లో ఏది నిజమో తెలియదు. కిందటిసారి ఎలా ఉండేదో రాసి పెట్టుకున్న టూల్‌కే అది తెలుస్తుంది. ఎంబీసింక్, ఆఫ్‌లైన్‌ఐమ్యాప్ లాంటివి అలా రాసి పెట్టుకుంటాయి. రెండువైపులా డవ్‌కాటే ఉండి, సర్వర్ మీద పూర్తి చెయ్యి మనదే అయితే దాని డీసింక్ టూల్ కూడా తీసేసిన వాటి జాడ పట్టుకుంటుంది. ఐమ్యాప్‌సింక్ పద్ధతి వేరు. ప్రతిసారీ రెండువైపులా హెడర్లు (మెయిల్ పైనుండే వివరాల వరుసలు) చదివి, వాటిలో మెసేజ్ ఐడీ, రిసీవ్డ్ వరుసలు పోల్చి, అవతల లేనివి చేరుస్తుంది, అంతే. రెండువైపులా మనుషులు పనిచేసుకుంటున్న మెయిల్‌బాక్సుల కోసం ఇది కాదని దాని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. జీల్ లామిరాల్ రెండు దశాబ్దాలుగా ఓపిగ్గా చూసుకుంటున్న టూల్ అది. ఒకవైపు కాపీకి అంతకన్నా నమ్మకమైనది నేను వాడలేదు. రెండోవైపు తిప్పకండి.

కాబట్టి నా మొదటి మాట, చివరి మాట కూడా ఇదే. ఏ రోజైనా, ఏ గంటైనా, రెండు సర్వర్లలో ఏది అసలు, ఏది నకలు అన్నది మీకు స్పష్టంగా తెలిసి ఉండాలి. ఇవాళ మీకు పాతదే అసలు. ఎంఎక్స్ మార్చి, అందరి ఫోన్లూ కంప్యూటర్లూ తిప్పిన క్షణం నుంచి కొత్తది అసలు. మధ్యలో రెండూ అసలే అనే రోజు ఒక్కటి కూడా ఉండకూడదు. కింద చెప్పేదంతా దీన్ని కాపాడుకోవడానికే.

ఇప్పుడు చెడిపోయినదాన్ని సర్దుదాం. కొత్త సర్వర్‌లో ఉన్నదంతా పాతదాని నుంచి వచ్చిందే కాబట్టి దాన్ని ఖాళీ చేయొచ్చు. కానీ ఎవరైనా కొత్తదాంట్లోకి లాగిన్ అయి ఏమైనా పంపారేమో సెంట్ ఫోల్డర్లు ఒకసారి చూడండి. డ్రాఫ్టులూ చూడండి. ఆ తర్వాత రెండు సర్వర్లదీ ఒక్కో బ్యాకప్ తీసి పక్కన పెట్టి, కొత్తదాన్ని ఖాళీ చేసి, పాత నుంచి మొదటి నుంచి కాపీ చేయండి. ఈసారి మూడు ఆప్షన్లు కలిపి వాడండి. స్కిప్‌క్రాస్‌డూప్లికేట్స్ అనేది, ఒక ఫోల్డర్‌లో ఇప్పటికే కాపీ అయిన మెయిల్ ఇంకో ఫోల్డర్‌లో కనిపిస్తే వదిలేస్తుంది. ఫోల్డర్‌ఫస్ట్, ఫోల్డర్‌లాస్ట్ అనేవి ఏ ఫోల్డర్ ముందు, ఏది చివర అని చెప్పడానికి. ట్రాష్, షిప్పింగ్, బిల్లులు లాంటి సర్దుకున్న ఫోల్డర్లను ముందు పెట్టి, ఇన్‌బాక్స్‌ని చివర పెట్టండి. అప్పుడు సర్దుకున్న కాపీ సర్దుకున్న చోట నిలుస్తుంది, ఇన్‌బాక్స్‌లోకి తిరిగొచ్చిన కాపీ కొత్త సర్వర్‌కి రాదు. డిలీట్ చేసినవి ట్రాష్‌లో ఇంకా ఉంటే వాటికీ ఇదే మందు. ట్రాష్ ఖాళీ చేసేసి ఉంటే మాత్రం ఆ మెయిళ్లు ఇన్‌బాక్స్‌లోకి వస్తాయి, వాటిని చేత్తో తీసుకోవాల్సిందే. ముందు ఒక్క మెయిల్‌బాక్స్ మీద, అదీ డ్రై ఆప్షన్‌తో నడపండి. డ్రై అంటే ఏం చేస్తుందో చెబుతుంది, చేయదు. ఆ లాగ్ మొత్తం చదవండి.

కాపీ మొదలుపెట్టే ముందు ఆఫీసులో ఒక పూట తిరగండి. ప్రతి కంప్యూటర్‌లో అవుట్‌లుక్ తెరిచి అకౌంటు ఐమ్యాపా, పాపా చూడండి. ఐమ్యాప్ అయితే మెయిళ్లు సర్వర్ మీదే ఉంటాయి, పాప్ అయితే కంప్యూటర్‌లోకి దిగుతాయి. మన వైపు ఆఫీసుల్లో పాప్ ఇంకా చాలా ఉంది. పాప్ పెట్టినప్పుడు అవుట్‌లుక్ మామూలుగా 14 రోజుల తర్వాత సర్వర్ మీద కాపీ తీసేస్తుంది. అంటే ఆ మనిషి పదేళ్ల మెయిళ్లు సర్వర్‌లో లేవు, ఆ ఒక్క కంప్యూటర్‌లో పీఎస్‌టీ అనే అవుట్‌లుక్ ఫైల్‌లో ఉన్నాయి. మీరు సర్వర్ నుంచి సర్వర్‌కి ఎంత శ్రద్ధగా సింక్ చేసినా అవి రావు. 60 జీబీ అన్నారు కదా, 22 మందిలో ఎవరిది వింతగా తక్కువగా ఉందో చూస్తే పాప్ ఎవరిదో సగం తెలిసిపోతుంది. పాప్‌తో ఇంకో చిక్కు ఉంది. సర్వర్‌లో కాపీ ఉంచేలా పెట్టుకున్న వాళ్ల అవుట్‌లుక్, ఏ మెయిల్ దింపుకుందో యూఐడీఎల్ అనే గుర్తుతో గుర్తుపెట్టుకుంటుంది. సర్వర్ మారితే ఆ గుర్తులు మారతాయి. అప్పుడు అన్నీ కొత్తవే అనుకుని మొత్తం మళ్లీ దింపుకుంటుంది, పీఎస్‌టీలో అన్నీ రెండేసి అవుతాయి. ఇలాంటి వాళ్లను మారడానికి వారం ముందే ఐమ్యాప్‌లోకి తెచ్చేయడం మేలు.

ఐమ్యాప్‌లోనూ ఇలాంటి గుర్తు ఉంది, యూఐడీ అంటారు. ప్రతి ఫోల్డర్‌లో ప్రతి మెయిల్‌కీ ఒక అంకె, పెరుగుతూ పోతుంది, తీసేసిన అంకెను మళ్లీ వాడరు. ఐమ్యాప్‌సింక్ అవతల మెయిల్‌ని కొత్తగా చేరుస్తుంది కాబట్టి కొత్త సర్వర్ తన అంకెలు తనే వేసుకుంటుంది. దానివల్ల నష్టమేమీ లేదు, కానీ ఫోన్లు మెయిళ్లన్నీ మళ్లీ దింపుకుంటాయి. చెరువుల దగ్గర తిరిగే సూపర్‌వైజర్లకి ఇది ముందే చెప్పండి. లేకపోతే మొబైల్ డేటా అయిపోయిందని రొయ్యల పట్టుబడి మధ్యలో మీకే ఫోన్ చేస్తారు.

కాపీ నడిపేది ఆఫీసు కంప్యూటర్ మీద కాదు, కొత్త వీపీఎస్ మీదే. ఆఫీసు నుంచి నడిపితే ప్రతి మెయిల్ భీమవరం దాకా వచ్చి మళ్లీ బయటికి పోవాలి. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న లైను మీద 60 జీబీ పోవడానికి ఏ ఆటంకమూ లేకపోయినా 13 గంటలు దాటుతుంది, ఈలోగా కరెంటు పోతే ఆగిపోతుంది. వీపీఎస్ మీద టీమక్స్, స్క్రీన్ అనే టూల్స్‌లో ఏదో ఒకదాంట్లో పెట్టి నడిపితే ఇక్కడ మీ నెట్ పోయినా దాని పని అది చేసుకుపోతుంది. మధ్యలో ఆగినా భయం లేదు, మళ్లీ నడిపితే చేరనివే చేరుస్తుంది. కొత్తవైపు జీమెయిల్ పెట్టుకునే వాళ్లకి లెక్క వేరు. గూగుల్ ఐమ్యాప్ ద్వారా ఒక అకౌంటుకి రోజుకి 500 ఎంబీ ఎక్కించనిస్తుంది, 2,500 ఎంబీ దింపుకోనిస్తుంది. 9 జీబీ మెయిల్‌బాక్స్ ఎక్కించడానికి 18 రోజులు పైనే పడుతుంది. అందులో ఆల్ మెయిల్ అనే ఫోల్డర్‌లో అన్నీ మళ్లీ కనిపిస్తాయి, జీమెయిల్ నుంచి బయటికి తెచ్చేటప్పుడు దాన్ని మినహాయించకపోతే ప్రతి మెయిలూ రెండుసార్లు వస్తుంది.

పాస్‌వర్డులు వాట్సాప్‌లో అడిగి తెప్పించుకోకండి. కొత్తవైపు డవ్‌కాట్‌లో మాస్టర్ యూజర్ (ఏ మెయిల్‌బాక్స్‌లోకైనా వెళ్లగల లాగిన్) పెట్టుకుంటే ఎవరి పాస్‌వర్డూ అక్కర్లేదు. పాతవైపు సీప్యానెల్‌లో మీకు చెయ్యి ఉంది కాబట్టి తాత్కాలిక పాస్‌వర్డు పెట్టొచ్చు, కానీ అలా పెడితే ఆ మనిషి ఫోన్ ఆగిపోతుంది. 22 మందే కాబట్టి, ఒక్కొక్కరి పక్కన కూర్చుని వాళ్లతోనే టైప్ చేయించి పాస్‌వర్డ్ ఫైల్‌లో పెట్టుకోవడం నాకు నచ్చిన దారి. ఆ ఫైల్ మీరు తప్ప ఎవరూ చదవలేని పర్మిషన్‌తో ఉంచి, పని అయిన రోజే తీసేసి, అందరి చేతా పాస్‌వర్డులు మార్పించండి. మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి తెచ్చుకునే వాళ్లయితే మామూలు పాస్‌వర్డుతో కుదరదు. 2022 అక్టోబరు నుంచి ఐమ్యాప్‌కి వాళ్లు దాన్ని ఆపేస్తూ వచ్చారు, ఓఆత్ టోకెన్ (పాస్‌వర్డు బదులు ఇచ్చే తాత్కాలిక అనుమతి) కావాలి.

ఫోల్డర్ పేర్ల దగ్గర మన వాళ్లకి ప్రత్యేకమైన సమస్య ఒకటి ఉంది. మన పార్టీల పేర్లలో ఇనీషియల్సూ, వాటి మధ్య చుక్కలూ ఎక్కువ కదా. 'పి.వి.ఆర్. ట్రేడర్స్' అని ఒకరు ఫోల్డర్ పెట్టుకున్నారనుకోండి. కొన్ని సర్వర్లలో ఫోల్డర్‌కీ సబ్‌ఫోల్డర్‌కీ మధ్య పెట్టే గుర్తు వాలుగీత (/). ఒక్కో మెయిల్‌ని ఒక్కో ఫైల్‌గా దాచే మెయిల్‌డిర్ పద్ధతిలో ఉన్న డవ్‌కాట్‌లో మామూలుగా అది చుక్క. వాలుగీత సర్వర్ నుంచి చుక్క సర్వర్‌కి తెస్తే ఆ ఇనీషియల్స్ ఏమవుతాయో చూసుకోవాలి. పి లోపల వి, వి లోపల ఆర్, దాని లోపల ట్రేడర్స్ అని నాలుగు అంతస్తుల ఫోల్డర్లు లేవడం, లేదా పేరే మారిపోవడం నేను చూశాను. మీ రెండువైపులా ఏ గుర్తు వాడుతున్నారో ఐమ్యాప్‌సింక్ లాగ్‌లో మొదట్లోనే ఉంటుంది. సీప్యానెల్‌లో కూడా సాధారణంగా డవ్‌కాటే కాబట్టి మీకు ఈ బాధ తప్పొచ్చు. అయినా జస్ట్‌ఫోల్డర్స్ ఆప్షన్‌తో ఫోల్డర్ల వరకే ముందు సృష్టించి కళ్లతో చూడండి. తెలుగులో పేర్లు పెట్టుకున్న ఫోల్డర్లు లాగ్‌లో ఆంపర్‌శాండ్ గుర్తుతో మొదలై అర్థంకాని అక్షరాల్లా కనిపిస్తే కంగారు పడకండి. ఐమ్యాప్‌లో అవి మాడిఫైడ్ యూటీఎఫ్-7 అనే రూపంలో ప్రయాణం చేస్తాయి. అవుట్‌లుక్‌లో తెరిస్తే 'కౌలు చెరువులు' అని తెలుగులోనే కనిపిస్తుంది. సెంట్ అనీ, సెంట్ ఐటమ్స్ అనీ, సెంట్ మెసేజెస్ అనీ ఒకే మనిషికి మూడు ఫోల్డర్లు ఉండటం కూడా మామూలే, ఒక్కో ఫోన్ ఒక్కోటి సృష్టిస్తుంది. వాటిని ఇప్పుడే ఒకటిగా కలపాలని ఆరాటపడకండి. యథాతథంగా తెచ్చి, స్థిరపడ్డాక కలుపుకోండి.

కాపీ అయ్యాక సరిచూసేటప్పుడు సైజుల్లో కొంచెం తేడా ఉంటుంది, లైను చివర ఎలా లెక్కపెట్టారన్న దాన్ని బట్టి మారుతుంది. మెయిళ్ల సంఖ్య చూడండి, ఫోల్డర్ వారీగా. స్కిప్‌క్రాస్‌డూప్లికేట్స్ వదిలేసినవి పోగా, సంఖ్య ఇంకా కొత్తవైపు తక్కువ ఉంటే రెండు కారణాలు వెతకండి. ఒకే ఫోల్డర్‌లో ఒకే మెయిల్ రెండుసార్లు ఉంటే ఒక్కటే వస్తుంది, అది మంచిదే. రెండోది జాగ్రత్తగా చూడాలి. సెంట్‌లోనూ డ్రాఫ్టుల్లోనూ ఉన్న పాత మెయిళ్లకి ఒక్కోసారి మెసేజ్ ఐడీ గానీ రిసీవ్డ్ వరుస గానీ ఉండవు. పోల్చడానికి ఏమీ దొరక్క ఐమ్యాప్‌సింక్ వాటిని వదిలేస్తుంది, వదిలేశానని లాగ్ చివర సంఖ్యతో సహా చెబుతుంది. యాడ్‌హెడర్ ఆప్షన్ ఇస్తే వాటినీ తెస్తుంది. మనం పంపిన కొటేషన్లే అందులో ఉంటాయి కాబట్టి ఆ సంఖ్య సున్నా అయ్యేదాకా వదలొద్దు.

ఇక మారే రోజు. రాత్రిపూట చేద్దామని అనుకుంటారేమో, ఎగుమతి ఆఫీసుకి రాత్రి ఖాళీ సమయం కాదు. అమెరికా బయ్యర్ రాసేది మనకి రాత్రే. మన ఆదివారం పొద్దున అంటే అక్కడ శనివారం సాయంత్రం. వారంలో అంతకన్నా నిశ్శబ్దమైన వేళ మీకు దొరకదు. కంటెయినర్ కదిలే వారంలో మాత్రం పెట్టుకోకండి.

రెండు రోజుల ముందు ఎంఎక్స్ రికార్డు టీటీఎల్‌ని, అంటే ఇతర సర్వర్లు దాన్ని గుర్తుపెట్టుకునే గడువుని, 300 సెకన్లకి తగ్గించండి. ముందే ఎందుకంటే, పాత టీటీఎల్ ఒక రోజు ఉంటే, దాన్ని గుర్తుపెట్టుకున్న సర్వర్లు ఆ రోజంతా పాత చిరునామాకే పంపుతాయి. మన దగ్గర కాలువకి నీళ్లు వదిలిన రోజే శివారు చేలకి అందవు కదా, ఇదీ అంతే, చివరి వాళ్ల దాకా మార్పు పాకడానికి సమయం పడుతుంది. మీ పేరుతో మెయిల్ పంపడానికి ఏ సర్వర్లకి అనుమతి ఉందో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డులో రెండు సర్వర్ల ఐపీలూ పెట్టండి. కొత్త డీకిమ్ కీ (పంపే మెయిల్‌కి సంతకం లాంటిది) కొత్త సెలెక్టర్‌తో, అంటే కొత్త పేరుతో, చేర్చి, పాతది అలాగే ఉంచండి.

ఎంఎక్స్ మార్చే ముందు 22 మెయిల్‌బాక్సులతో పాటు ఇన్ఫో, డాక్స్, సేల్స్ లాంటి ఫార్వార్డులన్నీ కొత్తవైపు ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. ఇక్కడ ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, కొత్త సర్వర్ గంటో పూటో ఆగిపోయినా మెయిల్ పోదు. పంపే సర్వర్ దాన్ని క్యూలో ఉంచి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కనీసం నాలుగైదు రోజులు ప్రయత్నించాలని మెయిల్ పంపే పద్ధతికి ఉన్న ఎస్ఎంటీపీ ప్రమాణంలోనే ఉంది. కానీ సర్వర్ బాగా నడుస్తూ 'ఇలాంటి యూజర్ లేడు' అని 550 జవాబిస్తే అది శాశ్వత తిరస్కారం, పంపినవాడికి అక్కడికక్కడే బౌన్స్ అవుతుంది. ఆగిపోయిన సర్వర్ కన్నా, ఒక చిరునామా మర్చిపోయిన సర్వర్ ఎక్కువ నష్టం చేస్తుంది.

ఆదివారం పొద్దున చివరి కాపీ ఒకటి నడిపి, ఎంఎక్స్ మార్చి, వెంటనే సీప్యానెల్‌లోకి వెళ్లి మెయిల్ రూటింగ్‌ని లోకల్ నుంచి రిమోట్ మెయిల్ ఎక్స్ఛేంజర్‌కి మార్చండి. దీన్ని మర్చిపోయిన వాళ్లే ఎక్కువ. మార్చకపోతే పాత సర్వర్ ఎంఎక్స్‌ని చూడదు, ఈ డొమైన్ నాదే అనుకుని తనలోనే ఉంచేసుకుంటుంది. అదే హోస్టింగ్ సర్వర్ మీదున్న ఇతర కంపెనీల నుంచి వచ్చే మెయిళ్లు, మీ వెబ్‌సైట్ ఎంక్వయిరీ ఫారం నుంచి వచ్చేవి నెలల తరబడి పాత మెయిల్‌బాక్సులోనే పడుతుంటాయి. ఎవరికీ తెలియదు.

అదే రోజు అందరి ఫోన్లూ కంప్యూటర్లూ కొత్తదానికి తిప్పి, పాతదాంట్లో పాస్‌వర్డులు మార్చేయండి. కఠినంగా అనిపిస్తుంది కానీ అవసరం. ఒక ఆఫీసులో మొగల్తూరు వైపు చెరువులు చూసే అబ్బాయి ఫోన్‌లో సర్వర్ పేరు బదులు పాత ఐపీ నంబరే ఉంది. కొత్త మెయిళ్లు రావట్లేదని అతనికి అనుమానం రాలేదు, ఎందుకంటే అతను పంపేవాడే తప్ప అందుకునేది తక్కువ. మూడు వారాల మేత రిపోర్టులు, సెంట్ కాపీలన్నీ పాత సర్వర్‌లోనే పేరుకున్నాయి. పాస్‌వర్డ్ మార్చి ఉంటే మొదటి రోజే ఫోన్ చేసేవాడు.

మారిన తర్వాత రెండు రోజులు పాతదాంట్లో ఒకటీ అరా మెయిళ్లు పడుతూనే ఉంటాయి. వాటిని తెచ్చుకోవడానికి మళ్లీ పాత నుంచి కొత్తకి నడపాలి. ఇక్కడే నేను దెబ్బతిన్నాను కాబట్టి వివరంగా చెబుతాను. కొన్నేళ్ల క్రితం నర్సాపురం దగ్గర ఒక లేసు ఎగుమతి ఆఫీసు. రిహార్సల్ రోజుల్లో కొత్తదాన్ని పాతదానికి అచ్చంగా సమానంగా ఉంచడానికి డిలీట్2 ఆప్షన్ వాడాను. అది పాతవైపు లేనివాటిని కొత్తవైపు తీసేస్తుంది. కొత్తది నకలుగా ఉన్నన్నాళ్లూ అది సరైన పనే. శనివారం ఎంఎక్స్ మార్చాం. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి అదే స్క్రిప్ట్‌ని, ఆ ఆప్షన్ తీయకుండా, మిగిలినవి తెద్దామని నడిపాను. అప్పటికి కొత్తది అసలు అయిపోయింది. శని, ఆది, సోమవారం పొద్దున నేరుగా కొత్త సర్వర్‌కి వచ్చిన మెయిళ్లు పాతవైపు లేవు కదా, అన్నీ తుడిచేసింది. అకౌంటెంటు గారి స్క్రీన్ మీద మెయిళ్లు పైనుంచి కిందికి ఒక్కొక్కటే మాయమవుతుంటే ఆయన మౌస్ వదిలేసి నా వైపు చూశారు. రాత్రి రెండు గంటలకి తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణానికి సర్వర్ ఎలా ఉందో దాని కాపీ) ఉండబట్టి చాలా వరకు వెనక్కి తెచ్చాం. ఆ తర్వాత వచ్చినవి పదకొండు పోయాయి. మెయిల్ లాగ్‌లో ఎవరు పంపారో చిరునామాలు ఉంటాయి కాబట్టి, పదకొండు మందికీ దయచేసి మళ్లీ పంపండని రాయించాను. ఒకటి ఎల్‌సీ (బయ్యర్ బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) సవరణ గురించి. అది సమయానికి మళ్లీ వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు.

అందుకే ఎంఎక్స్ మారిన తర్వాత నడిపే కాపీకి వేరే స్క్రిప్టు రాసుకోండి, పాతదాన్ని సరిచేసి వాడకండి. అందులో డిలీట్ అనే మాటే ఉండకూడదు. మ్యాక్స్‌ఏజ్ ఆప్షన్‌తో రెండు మూడు రోజుల లోపు మెయిళ్లకే పరిమితం చేయండి, లేకపోతే కొత్తదాంట్లో అందరూ తీసేసినవీ సర్దుకున్నవీ పాతదాని నుంచి మళ్లీ దిగుతాయి. నోరీసింక్‌ఫ్లాగ్స్ కూడా ఇవ్వండి. అది లేకపోతే కొత్తవైపు చదివేసిన మెయిళ్లు పాతవైపు చదవనట్టు ఉన్నాయని మళ్లీ బోల్డ్ అక్షరాల్లోకి మారిపోతాయి.

క్యాలెండర్లూ కాంటాక్టులూ ఐమ్యాప్‌లో రావు. వెబ్‌మెయిల్‌లో దాచుకున్న చిరునామాలను విడిగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. ఫిల్టర్లూ ఆటో రిప్లైలూ మళ్లీ పెట్టుకోవాలి.

ఇక తుఫాను కోసం పాతదాన్ని ఎప్పటికీ సింక్‌లో ఉంచడం గురించి. మీ భయం నాకు అర్థమవుతుంది. 1996 నవంబరు తుఫాను చూసినవాళ్లం, కరెంటు ఎన్ని రోజులు రాలేదో గుర్తుంది. కానీ ఒక్కసారి ఆలోచించండి. తుఫానుకి పోయేది భీమవరంలో కరెంటూ, ఆఫీసు నెట్టూ. మీ రెండు సర్వర్లూ ఎక్కడో డేటా సెంటర్లలో ఉన్నాయి, వాటికి గాలి తగలదు. ఆ రోజు మీకు కావాల్సింది రెండో సర్వర్ కాదు. ముఖ్యమైన నలుగురి ఫోన్లలో ఐమ్యాప్ సరిగా పెట్టి ఉండటం, వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉండటం, పవర్ బ్యాంకులు నిండుగా ఉండటం. ఈ మూడూ సెప్టెంబరులోనే చూసుకోండి.

వీపీఎస్సే పోతే ఏమిటన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు సింక్ కాదు, బ్యాకప్. సింక్ అయితే ఇటు పొరపాటున డిలీట్ చేసింది అటు కూడా డిలీట్ అవుతుంది, నా నర్సాపురం సోమవారంలాగే. రోజూ రాత్రి వేరే కంపెనీ మెషీన్‌కి ఒకవైపు కాపీ తీసి, కనీసం 30 రోజుల స్నాప్‌షాట్లు విడివిడిగా ఉంచండి. డవ్‌కాట్‌లో రెండు సర్వర్లను ఎప్పుడూ సమానంగా ఉంచే రెప్లికేషన్ ఒకప్పుడు ఉండేది, 2.4 వెర్షన్ నుంచి దాన్ని తీసేశారు. పాత వ్యాసాలు చూసి దాని మీద ప్లాన్ కట్టుకోకండి. డీసింక్ ఆదేశాలు ఇంకా ఉన్నాయి, వాటిలో బ్యాకప్ అనేది గమ్యాన్ని మూలానికి అచ్చంగా సమానం చేస్తుంది. అంటే గమ్యంలో అదనంగా ఉన్నవి పోతాయి. దాన్ని నడిపే ముందు ఏది మూలమో, ఏది గమ్యమో నోటితో పైకి చెప్పుకుని మరీ ఎంటర్ నొక్కండి, నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

పాత హోస్టింగ్‌ని రెండు నెలలు డబ్బు కట్టి ఉంచండి. ఆపేసే ముందు మీ డొమైన్ నేమ్‌సర్వర్లు ఎవరివో తప్పకుండా చూడండి. చాలామందికి డీఎన్ఎస్ (ఎంఎక్స్ లాంటి రికార్డులు ఉండే చోటు) కూడా పాత హోస్టింగ్‌లోనే ఉంటుంది. హోస్టింగ్ రద్దు చేస్తే ఎంఎక్స్ రికార్డు దాంతోపాటే పోతుంది, కొత్త సర్వర్ ఎంత బాగా నడుస్తున్నా మెయిల్ రాదు. డీఎన్ఎస్‌ని ముందు బయటికి తెచ్చి, వారం చూసి, అప్పుడు రద్దు చేయండి.

మొదటి మెయిల్‌బాక్స్ డ్రై రన్ అయ్యాక ఆ లాగ్ చివరి ముప్పై వరుసలు, పాస్‌వర్డులూ చిరునామాలూ తీసేసి, ఇక్కడ పెట్టండి. మిగతా 21 మొదలుపెట్టే ముందు నేను ఒకసారి చూస్తాను.